ట్రాన్సిస్టర్ చవకైంది, తీగ కాలేదు

బీదర్ పట్నం అంచున ఉన్న చిద్రి లాంటి చోట, ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లకో పిల్లాడికో లాప్‌టాప్ కొనాలంటే బేరం మూడు మాటల మీద నడుస్తుంది: ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎన్ని జీబీ, ధర ఎంత. బీదర్‌లో కొన్నా ఇంతే, జహీరాబాద్ మీదుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయి కొన్నా ఇంతే. ఆ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉందా, నాలుగు నాలుగుగా రెండు స్టిక్‌లుగా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే కొట్లో వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "ఇప్పుడు ఒక్కటి చాలన్నా, ఇంకో స్లాట్ ఖాళీగనే ఉంది, తర్వాత ఏస్కుందురు."

సలహా తప్పు కాదు. కానీ ఆ ఖాళీ స్లాట్ వెనక ఒక మెమరీ చానెల్, అంటే ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారి, మొత్తం పని లేకుండా పడి ఉంటుంది. దాని తీగలకీ, ప్రాసెసర్‌లో దాని కంట్రోలర్‌కీ కొన్నవాళ్లు డబ్బు కట్టేశారు. 2020లో వచ్చిన ఇంటెల్ 11వ తరం లాప్‌టాప్ చిప్‌లలో ఇది పేరులోనే బయటపడింది. గ్రాఫిక్స్‌కి 'ఐరిస్ ఎక్స్‌ఈ' అన్న పేరు రావాలంటే రెండు చానెళ్లూ నిండి ఉండాలని ఇంటెల్ షరతు పెట్టింది. ఒక్క స్టిక్ ఉంటే అదే చిప్, అదే గ్రాఫిక్స్ భాగం, విండోస్‌లో 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అని కనబడుతుంది. పెట్టె మీద ఒక పేరు, తెర మీద ఇంకో పేరు ఎందుకున్నాయో చెప్పేవాళ్లు లేక కొన్నవాళ్లు నకిలీ సరుకేమోనని భయపడతారు.

ఎన్ని చానెళ్లు పెట్టాలి, ఒక్కో చానెల్ ఎంత వెడల్పు ఉండాలి, దాని మీద ఎన్ని స్టిక్‌లు వేలాడదీయాలి? కంప్యూటర్లు తయారుచేసేవాళ్లు పాతికేళ్లుగా తలలు పట్టుకుంటున్న ప్రశ్న ఇది. నేను చూసినంతలో దీని చరిత్రంతా ఒక్క కారణం చుట్టూ తిరుగుతుంది. సిలికాన్ మీద ట్రాన్సిస్టర్ ఏటేటా చవకవుతూ వచ్చింది. చిప్ నుంచి బయటికి వచ్చే తీగ, అది కూర్చునే పిన్, అది పరుచుకునే బోర్డు మాత్రం ఆ వేగంతో చవక కాలేదు.

డెస్క్‌టాప్‌లో పెట్టే డీడీఆర్4 ర్యామ్ స్టిక్ అడుగున 288 కాంటాక్టులుంటాయి. వాటిలో డేటా మోసేవి 64 మాత్రమే. మిగిలినవి అడ్రసు, కమాండు, క్లాకు, డేటా ఎప్పుడు చదవాలో చెప్పే స్ట్రోబు తీగలు, ఎక్కువ భాగం కరెంటూ గ్రౌండూ. 64 బిట్లంటే 8 బైట్లు. సెకనుకి 320 కోట్ల సార్లు పంపితే డీడీఆర్4-3200 చానెల్ ఒక్కటి సెకనుకి 25.6 జీబీ ఇస్తుంది. రెండు చానెళ్లయితే 51.2. ఇంతవరకూ చిన్న గుణకారమే.

ఈ లెక్క బ్యాండ్‌విడ్త్‌ది, అంటే సెకనుకి ఎంత డేటా వస్తుందన్నది. అడిగిన మొదటి బైటు ఎంతసేపటికి వస్తుందన్నది వేరే లెక్క, దాని పేరు లేటెన్సీ. బీదర్‌లో నౌబాద్ కరేజ్‌ని, అంటే నేల కింది నీటి సొరంగాన్ని, చూసినవాళ్లకి ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది: సొరంగాన్ని వెడల్పు చేస్తే గంటకి చేరే నీళ్లు పెరుగుతాయి, ఎగువ ఊట నుంచి మొదటి నీరు నడిచి రావాల్సిన దూరం తగ్గదు. 2003 నాటి డీడీఆర్-400లో అడిగినది బయటికి రావడానికి మామూలు రకంలో 15 నానోసెకన్లు పట్టేది. డీడీఆర్3-1600లో 13.75. డీడీఆర్4-3200లోనూ సరిగ్గా 13.75. డీడీఆర్5-4800లో అది 16.67కి చేరింది. ఇదే కాలంలో ఒక్కో చానెల్ బ్యాండ్‌విడ్త్ సెకనుకి 3.2 జీబీ నుంచి 38.4 జీబీకి, 12 రెట్లు పెరిగింది. కాబట్టి చానెళ్లు పెంచితే మెమరీ 'వేగం' పెరుగుతుందన్న మాటని కాస్త విడదీసి వినాలి. వరసలో నిలబడే సమయం తగ్గుతుంది. కౌంటర్ దగ్గర పట్టే సమయం తగ్గదు.

పిన్నుల ఖరీదు తెలియాలంటే ఏఎండీ అథ్లాన్ 64 కథని మించినది లేదు. మెమరీ కంట్రోలర్‌ని మదర్‌బోర్డు చిప్‌సెట్ నుంచి తీసి ప్రాసెసర్‌లోనే పెట్టడాన్ని ఏఎండీ 2003లో మామూలు పీసీల దాకా తెచ్చింది. లేటెన్సీ గణనీయంగా తగ్గింది. కానీ ఆ క్షణం నుంచీ మెమరీ తీగలన్నీ ప్రాసెసర్ సాకెట్ గుండానే పోవాలి. అందుకే చవక రకానికి ఒకే చానెల్‌తో 754 పిన్నుల సాకెట్, ఆ పైదానికి 2004లో రెండు చానెళ్లతో 939 పిన్నుల సాకెట్ వచ్చాయి. సాకెట్ మారితే బోర్డు మారాలి. చవక బోర్డు కొన్నవాళ్లు తర్వాత మంచి ప్రాసెసర్ పెట్టుకుందామంటే కుదరలేదు. ఇంటెల్ కూడా అదే మలుపు దగ్గర అలాగే చీలింది: 2008 నవంబరులో మూడు చానెళ్లతో 1366 కాంటాక్టుల సాకెట్ తెచ్చి, మరుసటి ఏడాది జనం కొనే రకానికి రెండు చానెళ్లతో 1156 కాంటాక్టుల సాకెట్ ఇచ్చింది. మూడో చానెల్ పీసీల్లో నిలవలేదు. ఆనాటి నుంచి ఈనాటి వరకూ మామూలు డెస్క్‌టాప్‌కి రెండు చానెళ్లే.

ఆ రెండింటినీ పంచుకునే కోర్లు మాత్రం పెరిగాయి. 939 సాకెట్‌లో మొదట వచ్చిన ఒక్క కోరు ప్రాసెసర్‌కి రెండు చానెళ్ల డీడీఆర్-400 నుంచి సెకనుకి 6.4 జీబీ దక్కేది. 2022 నాటి 16 కోర్ల రైజెన్ 7950ఎక్స్‌కి రెండు చానెళ్ల డీడీఆర్5-5200 ఇచ్చేది 83.2 జీబీ, అంటే కోరుకి 5.2. ఇన్ని తరాల శ్రమ తర్వాత తలసరి వాటా కొంచెం తగ్గింది. మధ్యలో ప్రాసెసర్ లోపలే ఉండే కాష్ మెమరీ విపరీతంగా పెరగబట్టి ఆ లోటు మనకి తెలియడం లేదు. కాష్ అంటే ట్రాన్సిస్టర్లే. చవకైనదాన్ని గుమ్మరించి, చవక కానిదాన్ని పొదుపు చేస్తున్నారు.

సర్వర్లు కొనేవాళ్లు పిన్నుల ధర కట్టగలరు, అందుకని అక్కడ దారి వేరు. ఏఎండీ ఎపిక్ 2017లో 8 చానెళ్లతో, 4094 కాంటాక్టులతో మొదలైంది. 2022 నవంబరు నాటికి 12 చానెళ్లు, 6096 కాంటాక్టులు. ఇంటెల్ 2024లో 12 చానెళ్లకి వచ్చేసరికి సాకెట్ 7529 కాంటాక్టులకి చేరింది. 12 చానెళ్ల డీడీఆర్5-4800 సెకనుకి 460.8 జీబీ ఇస్తుంది. దాన్ని 96 కోర్లకి పంచితే 4.8. అక్కడా తలసరి కథ అదే. పైగా చోటు సమస్య తోడైంది: రెండు ప్రాసెసర్లున్న బోర్డు మీద చానెల్‌కి రెండు స్లాట్ల చొప్పున 48 స్లాట్లు మామూలు రాక్ వెడల్పులో పక్కపక్కన పట్టవు. అందుకే అలాంటి బోర్డుల్లో చాలావాటిలో చానెల్‌కి ఒక్క స్లాటే కనబడుతుంది.

ఒకే చానెల్ మీద రెండు స్టిక్‌లు పెట్టడం చవకగా జీబీలు పెంచుకునే దారి. దానికీ ధర ఉంది. తీగ మీద సంకేతం పోతూ దారిలో ప్రతి స్లాట్ దగ్గరా కొంత వెనక్కి ప్రతిఫలిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ప్రతిఫలనం అసలు సంకేతాన్ని చెరిపేస్తుంది. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన అధికారిక అంకెలు చూడండి: చానెల్‌కి ఒక స్టిక్ చొప్పున రెండే పెడితే 5200, నాలుగు స్లాట్లూ నింపితే 3600. నాలుగు స్టిక్‌లున్న ఫొటో చూసి మోజుపడి కొన్నవాళ్లు దాదాపు మూడో వంతు వేగం వదులుకుంటున్నారు. ఎక్కువ జీబీ నిజంగా కావాల్సినవాళ్లకి అది సరైన బేరమే. వాళ్లకి ముందే తెలిసి ఉండాలన్నదే నా పట్టుదల.

తీగలు తగ్గించి వేగం పెంచుదామన్న ప్రయత్నాలు లేకపోలేదు. రాంబస్ కంపెనీ ఆర్‌డీర్యామ్ చానెల్ వెడల్పు 16 బిట్లే. దాన్ని నమ్మి ఇంటెల్ 2000 నవంబరులో పెంటియం 4ని రెండు రాంబస్ చానెళ్లతో విడుదల చేసింది. రెండూ కలిపి సెకనుకి 3.2 జీబీ, ఆ రోజుకి చాలా గొప్ప. కానీ స్టిక్‌లు జతలుగా కొనాలి, ఖాళీ స్లాట్‌లో కూడా సంకేతం తెగకుండా ఉత్త అట్టలాంటి మాడ్యూలు ఒకటి పెట్టాలి. ధర డీడీఆర్ కంటే బాగా ఎక్కువ. 2003లో రెండు చానెళ్ల డీడీఆర్-400తో ఇంటెల్‌కే 6.4 జీబీ అందింది, అదీ తక్కువ ఖర్చుతో. రాంబస్ పీసీల నుంచి తప్పుకుంది.

తర్వాత 2006లో సర్వర్లలో ఎఫ్‌బీ-డిమ్ వచ్చింది. ప్రతి స్టిక్ మీదా ఒక బఫర్ చిప్ పెట్టి, మెమరీ కంట్రోలర్ వైపు సన్నటి సీరియల్ దారి నడిపారు. చానెల్‌కి తీగలు బాగా తగ్గాయి, ఒక్కో చానెల్ మీద 8 స్టిక్‌ల దాకా గొలుసుగా పెట్టొచ్చు. కానీ ఆ బఫర్ చిప్పులు వేడెక్కాయి, ప్రతి గొలుసు మెట్టూ ఆలస్యం కలిపింది. మూడేళ్లలో ఇంటెల్ మళ్లీ మామూలు డీడీఆర్3కి వచ్చేసింది. 2019లో మొదలైన సీఎక్స్‌ఎల్ కూటమి అదే ఆలోచనని కొత్త చోట పెట్టింది: పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీగల మీదుగా అదనపు మెమరీ. ఈసారి ఇది నిలబడుతుందని నాకనిపిస్తోంది. మొదటి వరసలో డీడీఆర్ చానెళ్లని అలాగే ఉంచి, కాస్త ఆలస్యమైనా ఫర్వాలేని డేటాని మాత్రమే అవతల పెట్టమంటోంది గనక.

ఇక పూర్తిగా ఎదురు దారి, అంటే తీగల్ని వందల నుంచి వేలకి పెంచడం. ఇక్కడ మన తెలుగువాడి పేరు వస్తుంది. కొవ్వూరులో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివిన రాజా కోడూరి 2015 సెప్టెంబరులో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. అంతకు మూడు నెలల ముందు, జూన్‌లో, ఏఎండీ రేడియాన్ ఫ్యూరీ ఎక్స్ విడుదల చేసింది. హెచ్‌బీఎం మెమరీతో బజారుకి వచ్చిన తొలి గ్రాఫిక్స్ కార్డు అదే. ఈ పని కోడూరి రాకకి చాలా ముందే, బ్రయన్ బ్లాక్ వంటి ఇంజినీర్ల చేతుల్లో ఏఎండీలో మొదలైంది. హెచ్‌బీఎంలో మెమరీ చిప్పుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పేర్పుకి 1024 డేటా తీగలిస్తారు. ఫ్యూరీ ఎక్స్‌లో నాలుగు పేర్పులు, 4096 తీగలు. బోర్డు మీద అన్ని తీగలు గీయడం అసాధ్యం కాబట్టి అడుగున 1011 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ పలక పరిచి దాని మీద గీశారు. ఒక్కో తీగ సెకనుకి ఒక గిగాబిట్ మాత్రమే మోసినా మొత్తం సెకనుకి 512 జీబీ. ఏఎండీదే అంతకు ముందరి ఆర్9 290ఎక్స్ 512 తీగల మీద ఒక్కోదాన్ని 5 గిగాబిట్లతో పరిగెత్తించినా 320 జీబీయే ఇచ్చింది.

తీగ పొట్టిది, నెమ్మదైనది కావడం వల్ల కరెంటు ఖర్చు పడిపోతుంది. ఒక బిట్ చేరవేయడానికి మామూలు గ్రాఫిక్స్ కార్డుల మెమరీ జీడీడీఆర్5కి సుమారు 14 పికోజౌళ్లు పడితే హెచ్‌బీఎం2కి 4 సరిపోతాయి. నా లెక్కలో హెచ్‌బీఎం అసలు గొప్ప ఇదే, బ్యాండ్‌విడ్త్ అంకె తర్వాతిది.

ఖర్చు మాత్రం మూడు వైపుల నుంచి మీద పడింది. సిలికాన్ పలక ధర ఒకటి. పేర్పులో ఒక్క పొర చెడినా మొత్తం పోవడం రెండు. మూడోది జీబీలు: ఆ తరంలో పేర్పుకి 1 జీబీయే కాబట్టి ఫ్యూరీ ఎక్స్ 4 జీబీ దగ్గర ఆగిపోయింది. అదే నెలలో వచ్చిన ఎన్విడియా 980 టీఐ 384 తీగల జీడీడీఆర్5తో, సెకనుకి 336 జీబీ బ్యాండ్‌విడ్త్‌తో, 6 జీబీ మెమరీ ఇచ్చి చాలా ఆటల్లో సమానంగానో ముందుగానో నిలిచింది. కోడూరి హయాంలో 2017లో వచ్చిన వేగా 64 రెండు పేర్పులకి దిగి 8 జీబీతో 484 జీబీ బ్యాండ్‌విడ్త్ ఇచ్చింది. 2019లో ఏఎండీ తన మామూలు కార్డుల్ని మళ్లీ 256 తీగల జీడీడీఆర్6కి తెచ్చింది. 2020లో ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీలో 256 తీగలతోనే సరిగ్గా ఫ్యూరీ ఎక్స్ అంకె, 512 జీబీ, చేరుకుని, పైన కావాల్సినదానికి 128 మెగాబైట్ల కాష్ పెట్టింది. మళ్లీ అదే: తీగ బదులు ట్రాన్సిస్టర్.

కోడూరి 2017 చివర్లో ఇంటెల్‌కి వెళ్లారు. అక్కడ ఆయన విభాగం నుంచి వచ్చిన రెండు గ్రాఫిక్స్ చిప్పుల్ని పక్కపక్కన పెడితే ఈ బేరమంతా కళ్లకి కడుతుంది. డేటా సెంటర్ల కోసం చేసిన పోంటే వెక్కియోలో 128 జీబీ హెచ్‌బీఎం2ఈ. ఇంటి పీసీల కోసం 2022లో వచ్చిన ఆర్క్ ఏ770లో 256 తీగల జీడీడీఆర్6, సెకనుకి 560 జీబీ బ్యాండ్‌విడ్త్. రెండు నిర్ణయాలూ సరైనవే. కొనేవాడి జేబు వేరు, అంతే.

ఆ జేబుల తేడా ఇప్పుడు చిద్రి దాకా తగులుతోంది. అంతే జీబీల డీడీఆర్5తో పోలిస్తే హెచ్‌బీఎం3ఈకి సుమారు మూడు రెట్లు సిలికాన్ వేఫర్ పడుతుందని మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ కంపెనీయే చెప్పింది. ఏఐ సర్వర్ల కోసం ఫ్యాక్టరీలు అటు మళ్లిన కొద్దీ మామూలు ర్యామ్‌కి సరఫరా తగ్గింది. 2025 చివరికి ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ తన వినియోగదారుల బ్రాండు క్రూషియల్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. 2019 నుంచి హైదరాబాద్‌లో పెద్ద డిజైన్ కేంద్రం నడుపుతున్న కంపెనీ ఇది. మెమరీ రూపకల్పనలో మన పిల్లలు ఎందరో పనిచేస్తున్న కాలంలోనే రెండో స్టిక్ కొనుక్కోవడం మన పిల్లలకే భారమైంది. ఇది నన్ను బాధపెడుతుంది.

హైదరాబాద్‌కి ఈ విద్య కొత్తదేమీ కాదు. 1967లో పుట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ అమ్మిన టీడీసీ-12 కంప్యూటర్ ఫెరైట్ కోర్ మెమరీతో నడిచేది. ఒక్కో 'వర్డ్'కి 12 బిట్లు. ప్రతి బిట్‌కీ ఒక చిన్న ఉంగరం, దాని గుండా దూర్చిన తీగలు. మెమరీ వెడల్పు ఒక బిట్ పెంచడమంటే ఎంత ఖర్చో ఆ తరం వాళ్లకి చేతివేళ్లతో తెలుసు.

తీగల్ని ఎలా విడగొట్టాలన్నది ఇంకో ప్రశ్న. రెండు చానెళ్లని కలిపి 128 బిట్ల ఒకే దారిగా నడపొచ్చు, రెండు వేర్వేరు 64 బిట్ల దారులుగానూ నడపొచ్చు. 2007 నాటి ఏఎండీ ఫెనమ్‌లో ఈ రెండూ సెట్టింగులుగా ఉండేవి. కోర్లు పెరిగాక విడివిడిగా నడపడమే నెగ్గింది, ఎందుకంటే ఇద్దరు వేర్వేరు చోట్ల అడిగినప్పుడు ఇద్దరికీ ఒకేసారి పని జరుగుతుంది. డీడీఆర్5 దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి ఒక్కో స్టిక్‌నే 32 బిట్ల రెండు ఉపచానెళ్లుగా చీల్చింది. అందుకే డీడీఆర్5 స్టిక్ ఒక్కటే పెట్టినా కొన్ని సాఫ్ట్‌వేర్లు 'డ్యూయల్ చానెల్' అని చూపిస్తాయి. అది రెండు స్టిక్‌లతో సమానం కాదు, వెడల్పు 64 బిట్లే. ఈ చీలికకి సర్వర్లు వేరే ధర చెల్లించాయి: తప్పులు దిద్దే ఈసీసీ కోసం 64 బిట్లకి 8 అదనపు బిట్లు సరిపోయేవి, ఇప్పుడు మామూలుగా ఒక్కో 32కీ 8 కావాలి. 12.5 శాతం ఉన్న అదనపు మెమరీ 25 శాతం అయ్యింది.

లాప్‌టాప్‌లలో గొడవ ఇంకో రకంగా తేలుతోంది. మెమరీని ప్రాసెసర్ పక్కనే అతికిస్తే తీగలు పొట్టివై వేగం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ఆపిల్ ఎం1 మ్యాక్స్ 512 బిట్ల వెడల్పుతో సెకనుకి 400 జీబీ అందుకున్నది అలాగే. ఇంటెల్ 2024లో లూనార్ లేక్ చిప్‌లతో ఆ దారి పట్టి, లాభాలు తగ్గుతున్నాయని ఆ ఏడాదే వెనక్కి తగ్గుతున్నట్టు చెప్పింది. కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే అతికించిన మెమరీ పెరగదు, చెడితే మారదు. 2023 డిసెంబరులో ప్రమాణంగా వచ్చిన క్యామ్2 మాడ్యూలు ఇక్కడ నాకు మంచి మధ్యేమార్గంలా కనబడుతోంది. అడుగున పరిచినట్టు కూర్చుని, ఒక్క మాడ్యూలే 128 బిట్లు ఇస్తుంది, స్క్రూలు తీసి మార్చుకోవచ్చు. చవక లాప్‌టాప్‌ల దాకా అది ఇంకా దిగలేదు.

మరి చిద్రిలో ఏం కొనాలి? ఉత్తరాలు, ఎక్సెల్, బ్రౌజరు, కోడింగ్ పాఠాలు మాత్రమే అయితే ఒక్క చానెల్‌తో పెద్దగా నష్టం లేదు. అక్కడ 4+4 కంటే ఒంటరి 16 మేలు. జీబీలు చాలక డిస్క్‌కి పోతే జరిగే ఆలస్యం ముందు చానెళ్ల తేడా లెక్కలోకి రాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో క్యాడ్ డ్రాయింగులు, వీడియో ఎడిటింగు, ఆటలు నడపాలంటే రెండు చానెళ్లూ నింపాల్సిందే. గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ని పంచుకుంటుంది కాబట్టి. 8 జీబీ బోర్డుకే అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఉన్న రకమైతే దానిలో 8 పెడితే మొత్తం రెండు చానెళ్ల మీద నడుస్తుంది. 16 పెడితే 24లో మొదటి 16 అలా నడిచి, మిగిలిన 8 ఒక్క చానెల్ మీద ఉంటుంది. అదీ ఫర్వాలేదు.

కొత్తగా ఇంకో వాడకం వచ్చింది: భాషా మోడల్‌ని ఇంటర్నెట్ లేకుండా సొంత యంత్రంలోనే నడపడం. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని ఒక్కోదానికి 4 బిట్ల చొప్పున కుదిస్తే సుమారు 4 జీబీ. ప్రతి టోకెన్ (మాట ముక్క) రాయడానికీ ఆ 4 జీబీ మొత్తాన్నీ ర్యామ్ నుంచి ఒకసారి చదవాలి. ఒక్క చానెల్ డీడీఆర్4-3200తో సెకనుకి ఆరు టోకెన్లు దాటవు, రెండు చానెళ్లతో పన్నెండు దాకా వెళ్లొచ్చు. ప్రాసెసర్ ఎంత ఖరీదైనదైనా ఈ గీత దాటలేదు. చానెల్ లెక్క ఇంత నగ్నంగా కనబడే పని పీసీలో ఇంకొకటి లేదు.

స్టిక్ కొనేటప్పుడు దాని మీది చిప్పుల్ని కూడా లెక్కపెట్టండి. 8 జీబీ డీడీఆర్4 స్టిక్‌ని ఎనిమిది చిప్పులతోనూ చేస్తారు, ఒక్కోటి 16 బిట్ల వెడల్పున్న నాలుగు చిప్పులతోనూ చేస్తారు. నాలుగు చిప్పులది తయారీకి చవక, కానీ దానిలో మెమరీ అరల గుంపులు (బ్యాంక్ గ్రూపులు) నాలుగుకి బదులు రెండే, ఒకేసారి తెరిచి ఉంచగల వరసలు సగం. ధర ఒకటే చెబితే ఎనిమిది చిప్పులదే అడగాలి.

పంఖా మీదా ఫ్రిజ్ మీదా కరెంటు ఖర్చు నక్షత్రాలు అతికించాలని నియమం పెట్టుకున్న దేశం మనది. లాప్‌టాప్ పెట్టె మీద ర్యామ్ ఎన్ని జీబీ అని రాసే చోటే మెమరీ వెడల్పు ఎన్ని బిట్లు, అందులో ఇప్పుడు నిండినవి ఎన్ని, మార్చుకోగలిగినవి ఎన్ని అని మూడు అంకెలు వేయించడానికి తయారీదార్లకి పైసా అదనపు ఖర్చు లేదు.